బైలెన్ బండ్లు

జూన్ 8

ఈ వానాకాలం మా టేబుల్ మీదికి బైలెన్ ఎక్కుతోంది. వాటర్లూ, ఆస్టర్లిట్జ్ ఆడేవాళ్లు ఎంతోమంది ఉన్నారు. నాకు 1808 జూలై 19 కావాలి. దక్షిణ స్పెయిన్, అందలూసియా ఎండ, ముందూ వెనకా శత్రువు, నడిమధ్యన జనరల్ డ్యుపోన్ ఫ్రెంచి సేన. తెల్లవారకముందే రాజుకున్న పోరు మధ్యాహ్నం దాటేసరికి చల్లారిపోయింది. నెపోలియన్ చక్రవర్తి అయ్యాక ఆయన సేన ఒకటి ఆరుబయట, మొత్తానికి మొత్తం, ఆయుధాలు కింద పెట్టడం యూరప్ చూడటం అదే మొదలు.

వలలో పడ్డ సేన కథని ఆటగా మలచాలంటే మామూలు నియమాలు పనికిరావు. వాటికి తెలిసిన లెక్క ఒక్కటే, ఎవరి బొమ్మలు ఎన్ని పడిపోయాయని. బయటపడాల్సినవాడికి ఎదుటివాణ్ణి చంపడంతో పనేముంది? దాటిపోతే చాలు. కాబట్టి ఇక్కడ లెక్కపెట్టాల్సింది టేబుల్ తూర్పు అంచు దాటి వెళ్లినవాళ్లని. ఆట మొత్తం ఈ ఒక్క మార్పు మీద నిలబడుతుంది.

జూన్ 11

ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ప్లైవుడ్ పలక. పచ్చ గుడ్డ తీసేశాను. జూలైలో ఆ నేల గడ్డి రంగులో, అక్కడక్కడా ఎర్రమట్టి తేలి ఉంటుంది. రంపపు పొట్టు జిగురులో కలిపి పూసి, ఆరాక లేత పసుపు పొడిగా రుద్దాను. ఆలివ్ తోటలకి ఎండిన స్పాంజి ముక్కలు, బూడిద పులిమిన ఆకుపచ్చతో.

దారి ఒక్కటే ముఖ్యం. పడమటి అంచున అందూహర్ వైపు నుంచి వస్తుంది. రుంబ్లార్ వాగు మీద వంతెన దాటుతుంది. మెల్లగా ఎక్కి బైలెన్ ఊళ్లోకి పోతుంది. అక్కణ్నించి ఉత్తరానికి తిరిగితే లా కరోలీనా, ఆ పైన దెస్పెన్యపెర్రోస్ కనుమ, కనుమ దాటితే మాద్రిద్ దారి. డ్యుపోన్ కి ఇంటిదారి అదే. అందూహర్ నుంచి బైలెన్ కి పాతిక కిలోమీటర్ల పైచిలుకు. ఒక రాత్రి నడక.

డ్యుపోన్ అంత దూరం ఎందుకు వెళ్లాడన్నది చెప్పకపోతే ఆటగాళ్లకి అతని మనసు అందదు. కాదిజ్ రేవులో అడ్మిరల్ రోజిలీ నౌకలు చిక్కుకుని ఉన్నాయి. ట్రఫాల్గర్ లో మిగిలి బతికిన ఫ్రెంచి నౌకలవి. వాటిని అందుకోవడం అతనికి అప్పగించిన పని. జూన్ 7న కోర్దోబా పట్టుకున్నాడు, సైనికులు ఊరు దోచారు, చర్చీల వెండి దగ్గర్నుంచి ఏదీ వదల్లేదు. జూన్ 14న రోజిలీ నౌకలు స్పానిష్ వాళ్లకి లొంగిపోయాయి. దాంతో పని అయిపోయింది, పోవాల్సిన చోటే లేకుండా పోయింది. అక్కడితో కనుమ దాటి వెనక్కి వచ్చేస్తే బైలెన్ అనే పేరు మనకెవరికీ తెలిసేది కాదు. అందూహర్ దాకా వచ్చి ఆగాడు. నెల రోజులు అక్కడే కూర్చున్నాడు.

జూన్ 14

గార్డ్ నావికుల బటాలియన్ కి రంగులు. చక్రవర్తి సొంత గార్డ్ లో నావికులుండటం వింతే అనిపిస్తుంది గానీ, వీళ్లని తెచ్చింది కాదిజ్ రేవు పని కోసం. ముదురు నీలం కోటు, ఛాతీ మీద అడ్డంగా నారింజ రంగు అల్లిక తాళ్లు. పదిహేను మిల్లీమీటర్ల బొమ్మ. ఛాతీ నా చిటికెన వేలి గోరంత కూడా లేదు. ముందు నలుపు కలిపిన నీలం పూసి, ఎత్తుగా ఉన్న తాడు మీద మాత్రం కుంచెని పక్కకి వాల్చి, తుడిచీ తుడవనట్టు రాయాలి. కుంచెలో తడి కొంచెం ఎక్కువైతే నారింజ నీలంలోకి పారుతుంది. ఊపిరి బిగబట్టి ఒక్కో గీత. మూడో గీతకి చెయ్యి తనంతట తానే తెలుసుకుంటుంది.

డ్యుపోన్ సేనలో ఆరితేరినవాళ్లంటే వీళ్లే, మూడు వందల చిల్లర మంది. మిగతావాళ్లలో చాలామంది కొత్తగా పట్టుకొచ్చిన కుర్రాళ్లు, డిపోల్లోంచి హడావుడిగా కూర్చిన పటాలాలు. గడ్డం సరిగా రాని ముఖాలు. అందుకే వాళ్ల బొమ్మలకి మీసాలు దిద్దలేదు.

జూన్ 15

బండ్లు. ఈ యుద్ధానికి అసలు బొమ్మలు ఇవే. అగ్గిపుల్లలతో అడుగుచట్రం, చక్రాలు కొన్నవి, పైన టిష్యూ కాగితం ఫెవికాల్ నీళ్లలో ముంచి కప్పితే ఆరాక అచ్చం గుడారపు గుడ్డ ముడతలే. ఒక్కో నమూనా యాభై బండ్లకి లెక్క. డ్యుపోన్ వెంట ఐదు వందల బండ్లకి తక్కువ లేవు కనుక నాకు పది నమూనాలు కావాలి. దారి మీద వరసగా పెట్టి చూశాను. టేబుల్ పొడవులో సగానికి పైగా అవే ఆక్రమించాయి. నియమాల పుస్తకం అక్కర్లేకుండా, ఆ వరస చూస్తేనే సగం యుద్ధం అర్థమైపోతుంది.

జూన్ 18

మాస్టారు వచ్చారు. మా వీధిలోనే ఉంటారు, లెక్కలు చెప్పి రిటైరయ్యారు, స్పానిష్ వైపు ఆయనదే. పలక చుట్టూ తిరిగి చూసి, "ఇంతా చేసి ఇద్దరికీ అన్నీ కనబడుతూ ఉంటే మీ డ్యుపోన్ వలలో పడేదెట్లాగండీ?" అన్నారు.

సరైన ప్రశ్న. చదరంగంలో దాపరికం లేదు, ఏనుగు ఎక్కడుందో ఇద్దరికీ కనబడుతుంది. ప్రష్యాలో ఈ సమస్యకి జవాబు కనిపెట్టినవాళ్లున్నారు. రైస్విట్జ్ అనే తండ్రి మొదలుపెట్టిన యుద్ధక్రీడని కొడుకు, ఒక లెఫ్టినెంట్, 1824లో తిరగరాశాడు. 1:8000 కొలతతో నిజమైన నేల పటం, పటాలాలకి లోహపు దిమ్మలు, ఒక్కో ఎత్తుకి రెండు నిమిషాల కాలం, మధ్యన అంపైర్. ఆటగాళ్లు ఆజ్ఞలు రాసి అంపైర్ కి ఇస్తారు. ఎవరి కంటికి ఏది కనబడుతుందో ఆ దిమ్మలే పటం మీద ఉంటాయి. తెలియకపోవడాన్ని ఆటలోకి తెచ్చిన మొదటి ఘనత నాకు తెలిసి ఆ యువకుడిదే. ప్రష్యన్ జనరల్ స్టాఫ్ ముచ్చటపడి పటాలాలకి పంచింది. నేటి వార్‌గేమ్ లన్నిటికీ అక్కడే వేరు.

కాబట్టి అంపైర్ నేను. బొమ్మలు పెట్టెలో ఉంటాయి. చూపు మేరకి వచ్చినప్పుడే పలక ఎక్కుతాయి.

జూన్ 19

బైలెన్ లో ఎవరికి ఏం తెలియదో ఒక కాగితం మీద రాసుకున్నాను. రాస్తూ పోతే అదే యుద్ధ కథ అయింది.

జూలై 16న రేడింగ్ అనే స్విస్ జనరల్, స్పెయిన్ కొలువులో ఉన్నవాడు, మెంహీబర్ దగ్గర గ్వాదల్కివీర్ నది దాటాడు. అడ్డుకోబోయిన ఫ్రెంచి జనరల్ గోబేర్ ప్రాణాంతకంగా గాయపడ్డాడు. అతని చోటికి వచ్చిన డ్యుఫూర్, స్పానిష్ వాళ్లు కనుమ మూసెయ్యడానికే పోతున్నారనుకుని తన మనుషులతో లా కరోలీనా వైపు పరుగెత్తాడు. డ్యుపోన్ పంపగా వచ్చిన వెడెల్ కూడా అదే భయంతో అతని వెనకాలే వెళ్లాడు. బైలెన్ ఖాళీ అయిపోయింది. 18న రేడింగ్, మరో స్పానిష్ జనరల్ కూపిన్యీ కలిసి, అడ్డే లేకుండా ఊళ్లో దిగారు.

డ్యుపోన్ అదే రాత్రి అందూహర్ వదిలాడు. నదికి ఆవల స్పానిష్ సేనాధిపతి కస్తాన్యోస్ ముఖ్య సేనతో ఎదురుగా ఉన్నాడు కనక అతని భయమంతా వెన్ను మీదే. అందుకని మంచి బటాలియన్లని వెనక పెట్టాడు, ముందు ఒక బ్రిగేడ్, మధ్యలో బండ్లు.

ఇక రేడింగ్. ఆ తెల్లవారుజామున అతను బైలెన్ లో కూర్చుని కాపు కాయడం లేదు. డ్యుపోన్ ని అందూహర్ లోనే వెనకనుంచి కొడదామని పడమరకి కదలబోతున్నాడు. ఒకే దారి మీద, ఒకే చీకట్లో, రెండు సేనలు ఎదురెదురుగా నడుస్తున్నాయి. మూడు గంటల వేళ కావలి వాళ్లు ఒకరినొకరు ఢీకొన్నారు. వల పన్నినవాడికి కూడా తాను వల పన్నానని తెలియదు. ఈ సంగతి నన్ను ఎన్నాళ్లుగానో వదలడం లేదు.

జూన్ 22

అసలు డ్యుపోన్ చేతకానివాడు కాడు. 1805 అక్టోబర్ 11న ఉల్మ్ దగ్గర హస్లాఖ్ పల్లె చూడాలి. ఆస్ట్రియన్ జనరల్ మాక్ సేన ఉల్మ్ లో చిక్కుకుంది. డాన్యూబ్ ఉత్తర గట్టున దారి దాదాపు తెరిచి ఉంది, ఉన్నది ఒక్క ఫ్రెంచి డివిజన్. ఆస్ట్రియన్లు పాతిక వేలదాకా, ఫ్రెంచివాళ్లు అందులో నాలుగో వంతు లోపు. ఆ చిన్న డివిజన్ వెనక్కి తగ్గకపోగా తానే మీద పడింది. వీళ్ల వెనక పెద్ద సేనే ఉండి ఉంటుందని ఆస్ట్రియన్లు జంకారు. సాయంత్రం దాకా నిలబడి, వేలమందిని ఖైదు పట్టుకుని మరీ వెళ్లింది. పది రోజులు తిరక్కుండానే మాక్ లొంగిపోయాడు.

ఆ డివిజన్ నాయకుడు డ్యుపోన్.

వలలోంచి బయటపడాలని చూసేవాణ్ణి ఎలా అడ్డుకోవాలో ప్రపంచంలో ఎవరికైనా బాగా తెలుసంటే అతనికే తెలుసు. తర్వాత ఫ్రైడ్లాండ్ లోనూ పేరు తెచ్చుకున్నాడు. మార్షల్ పదవి నేడో రేపో అన్న మనిషి. బైలెన్ ని ఒక మూర్ఖుడి కథగా చెప్పేవాళ్లని చూస్తే నాకు కోపం వస్తుంది. మూర్ఖుడి మీద ఆట కట్టడం దండగ. తెలివైనవాడు, ధైర్యం ఉన్నవాడు, ఆ దారిలో ఎట్లా ఆగిపోయాడో పలక మీద తెలియాలి.

జూన్ 27

ఆట బైలెన్ దగ్గర మొదలవకూడదు. ఇదే నాకు ఇప్పటిదాకా తట్టిన ముఖ్యమైన మాట. పలక మీద బొమ్మలు సర్దే వేళకి డ్యుపోన్ చెయ్యాల్సిన నిర్ణయాలన్నీ చేసేసి ఉంటాడు. 19 తెల్లవారుజామున అతనికి మిగిలింది దాడి చెయ్యి, మళ్లీ దాడి చెయ్యి అనేదే. నిజంగా తేల్చుకోవాల్సిన ఘడియ 18 సాయంత్రం, అందూహర్ లో, బండ్లకి కంచర గాడిదలు కట్టేటప్పుడు.

అందుకని ఆట ఒక కాగితంతో మొదలవుతుంది. పది బండ్ల నమూనాలు, ఏ బండిలో ఏముందో రాసి ఉంటుంది. రోగులు, రొట్టె, మందుగుండు, కోర్దోబా సొత్తు. బండ్లలో నిజంగా ఏది ఎంత ఉందన్నది అప్పటినుంచీ వాదమే. రోగులే ఎక్కువన్నారు ఫ్రెంచి అధికారులు, దోపిడీ సొమ్మే ఎక్కువన్నారు అవతలివాళ్లు. ఈ కార్డులు మూసి ఉంచితే ఆట రంజుగా ఉంటుందని మాస్టారు అన్నారు. ఒప్పుకోలేదు. డ్యుపోన్ కి తెలుసు, ఆటగాడికీ తెలియాలి. తెలిసి ఎంచుకోవడంలోనే బరువుంది.

వదిలేస్తే ఏమవుతుంది? రోగుల్ని వదలడమంటే వట్టి మాట కాదు. కోర్దోబా దోపిడీ తర్వాత దారి పొడుగునా జనం రగిలిపోయి ఉన్నారు. మోంతోరోలో కాపలా దండుని, మంజనారెస్ లో ఆసుపత్రిలో పడి ఉన్న రోగుల్ని చంపేశారు. డ్యుపోన్ సైనికులకి ఇది తెలుసు. బండిలో పడుకున్నవాడికీ తెలుసు.

నియమం ఇలా రాశాను. తూర్పు అంచు దాటిన ప్రతి బటాలియన్ కి మూడు పాయింట్లు, రోగుల బండికి రెండు. సొత్తు బండికి సున్నా. కానీ సొత్తు వదిలేస్తే ప్రతి బ్రిగేడ్ ఒకసారి పాచిక వేసి తన మనోబలం పరీక్షించుకోవాలి. ఆ బండ్ల మీద ఆశ పెట్టుకున్నవాళ్లు జనరల్స్ నుంచి కుర్రాళ్ల దాకా ఉన్నారు. బండ్లు దారి మీదే నడుస్తాయి. దారి మీద బండి ఉన్నంతమేరా వెనక వచ్చే బటాలియన్లు పొలాల్లోకి దిగి సగం వేగంతో పోవాలి.

జూన్ 28

మందుగుండు బండ్లకి వేరే నియమం కావాలా? వద్దు. ఉన్నవే చాలు.

జూన్ 30

దిల్‌సుఖ్‌నగర్ వెళ్లొస్తూ ముసారాంబాగ్ దగ్గర ట్రాఫిక్ లో ఇరుక్కున్నాను. ఆ పేట పేరుకి మూలం అంటారే, ఆ రేమో గుర్తొచ్చాడు. నిజాం కొలువులో ఫ్రెంచి పద్ధతిలో పటాలాలు నిలిపిన సేనాని, 1798 మార్చిలో పోయాడు. సమాధి దగ్గర్లోనే గుట్ట మీద ఉంది. అదే ఏడు అక్టోబర్ లో ఆయన పెంచిన సేన, పది వేలకు పైగా సిపాయిలు, ఇక్కడే హైదరాబాదులో ఈస్టిండియా కంపెనీ పటాలాల నడుమ చిక్కి, పోరు లేకుండానే ఆయుధాలు దించేసింది. జీతాల బకాయిల మీద సిపాయిలు అప్పటికే తమ అధికారుల మీదికి తిరగబడి ఉన్నారు. బైలెన్ కి పదేళ్ల ముందు. అక్కడ బయటపడే ప్రయత్నమే జరగలేదు, అందుకే దాన్ని ఆటగా మలచలేం. కానీ సేన లొంగేది ఎదుటి తుపాకుల వల్ల మాత్రమే కాదని రేమో సిపాయిలూ చెబుతారు. డ్యుపోన్ పటాలాల్లో ఉన్న స్విస్ వాళ్లూ చెబుతారు.

ఆ స్విస్ వాళ్ల సంగతి. రెండు రెజిమెంట్లు. నిన్నమొన్నటిదాకా స్పెయిన్ రాజు జీతగాళ్లు, ఫ్రెంచివాళ్లు కలిపేసుకున్నారు. బైలెన్ లో ఎదురుగా చూస్తే స్పానిష్ వైపు కూడా స్విస్ వాళ్లే, నాయకుడు రేడింగ్ కూడా స్విస్ వాడే. చాలామంది ఆ గట్టుకి వెళ్లిపోయారు. నియమం: స్విస్ బటాలియన్ దాడికి దిగిన ప్రతిసారీ పాచిక. ఒకటి పడితే బొమ్మలు రంగు మారకుండానే చేతులు మారతాయి.

జూలై 3

నీళ్లు. రోహిణి కార్తె ఎండలు ఎరిగిన మనకి నలభై దాటిన వేడి విడమర్చి చెప్పనక్కర్లేదు. రాత్రంతా నడిచొచ్చిన కుర్రాళ్లు, ఉన్ని కోటు, వీపున మూట. నోటితో తూటా కాగితం కొరికితే నాలుక మీద మందు పొడి. జూలైలో రుంబ్లార్ వాగులో పారేదేమీ ఉండదు. నీళ్లున్నది ఊళ్లో, ఊరి చుట్టూ ఉన్న బావుల్లో. ఊరు రేడింగ్ చేతిలో.

బైలెన్ ఆడవాళ్లు కడవలతో నీళ్లు మోశారు. సైనికులకే కాదు, ఫిరంగులకి కూడా. కాల్చిన ప్రతిసారీ గొట్టం లోపల తడిగుడ్డతో తుడవకపోతే నిప్పురవ్వ మిగిలి, తర్వాత వేసే మందు చేతిలోనే అంటుకుంటుంది. స్పానిష్ ఫిరంగులు అసలే పెద్దవి, ఫ్రెంచివి దిగీ దిగకముందే విరగ్గొట్టాయి. వాటికి నీళ్లు కూడా దొరికితే ఇక చెప్పేదేముంది. మరియా బెయ్యిదో అనే ఆమె కడవని తూటా పగలగొట్టిందనీ, ఆమె అదరకుండా మిగిలిన పెంకులోని నీళ్లే రేడింగ్ కి అందించిందనీ ఊరివాళ్లు చెప్పుకుంటారు. బైలెన్ పురపాలక చిహ్నంలో ఇవాళ్టికీ తూటా తగిలిన కడవ ఉంది. ఒక యుద్ధం గుర్తుగా కత్తి కాకుండా కడవని నిలుపుకున్న ఊరది. ఆ ఊరంటే నాకు ఇష్టం కలగడానికి అదొక్కటే చాలు.

నియమం: తెల్లవారాక ప్రతి గంటకీ ఫ్రెంచి బటాలియన్ పోరాడే పాచికల్లో ఒకటి తగ్గుతుంది. స్పానిష్ బటాలియన్ కి ఊరికి దగ్గరగా ఉన్నంతసేపూ తగ్గదు.

జూలై 6

గర్రోచిస్తాలు పూర్తయ్యారు. హెరెస్, ఊత్రేరా వైపు ఎడ్లమందలు కాసే రౌతులు. మందని తోలే పొడుగాటి బల్లేలే వాళ్ల ఆయుధాలు. మెంహీబర్ లోనూ బైలెన్ లోనూ పోరాడారు. బల్లేలకి గిటారు తీగ కోసి పెట్టాను, సూది కన్నా నయం, వంగినా విరగదు. వెడల్పు టోపీ, కురచ చొక్కా, కాళ్లకి తోలు పట్టీలు. యూనిఫాం లేని బొమ్మకి రంగు వెయ్యడంలో ఉన్న స్వేచ్ఛ వేరు.

కూపిన్యీ పక్కన ఒక అధికారి బొమ్మ పెట్టాను. హోసే దె సాన్ మార్తిన్. అప్పటికింకా స్పెయిన్ సైన్యంలోనే ఉన్నాడు, బైలెన్ లో పోరాడి పతకం అందుకున్నాడు. తర్వాత అర్జెంటీనాకీ చిలీకీ పెరూకీ స్పెయిన్ నుంచే స్వాతంత్ర్యం తెచ్చిపెట్టినవాడు. ఆటలో ఇతనికి ప్రత్యేక నియమమేమీ లేదు. ఉన్నాడంతే.

జూలై 9

కసాదో దెల్ అలిసాల్ 1864లో వేసిన బైలెన్ లొంగుబాటు చిత్రం మాస్టారికి చూపించాను. మాద్రిద్ లోని ప్రాదో మ్యూజియంలో ఉంది. కస్తాన్యోస్ టోపీ తీసి మర్యాదగా వంగుతున్నాడు, ఎదురుగా డ్యుపోన్. వెలాస్కెజ్ వేసిన బ్రెదా లొంగుబాటు చిత్రాన్ని మనసులో పెట్టుకుని కూర్చిన బొమ్మ. చిత్రం గొప్పదే. కానీ కస్తాన్యోస్ ఆ రోజు పోరు జరిగిన చోట లేడు. ఎండలో తొమ్మిది గంటలు నిలబడ్డది రేడింగ్. "పేరు పైవాడికి పోవడం మా స్కూళ్లలోనూ ఉన్నదే లెండి," అన్నారు మాస్టారు. రేడింగ్ బొమ్మని ఆయన చేతిలో పెట్టాను.

జూలై 14

ఆడాం. డ్యుపోన్ గా మా మేనకోడలు. ఇంజనీరింగ్ చదువుతోంది, బైలెన్ ఫలితం తెలియదు, చెప్పలేదు కూడా.

బండ్ల కాగితం చేతికిచ్చాను. చాలాసేపు చూసింది. సొత్తు బండ్లన్నీ అందూహర్ లోనే వదిలేసింది. మనోబలం పాచికల్లో ఒక బ్రిగేడ్ నీరుగారింది. ఫర్వాలేదంది. రోగుల బండ్లు? "తీసుకెళ్తాను మావయ్యా. కానీ అన్నిటికన్నా వెనక." నావికుల్ని ముందుకి తెచ్చింది. డ్యుపోన్ కన్నా మెరుగైన బారు అది. దారి తెరిచి ఉంది.

మూడు గంటల చీకటి. వంతెన దాటగానే మాస్టారి కావలి బటాలియన్ ఒకటి పలక ఎక్కింది. ఆ బొమ్మలు చూసి ఇద్దరూ ఒకేసారి ముందుకి వంగారు. ఎంతమందో ఆమెకి తెలియదు, ఎవరొచ్చారో ఆయనకి తెలియదు.

చరిత్రలో ఇక్కడే డ్యుపోన్ కొంప మునిగింది. ముందు నడిచిన షబేర్ బ్రిగేడ్ ని వచ్చింది వచ్చినట్టు దాడికి తోశాడు, విరిగింది. గుర్రాలొచ్చాయి, వాటిని తోశాడు. ప్రీవే కవచాల రౌతులు స్పానిష్ బారుని చీల్చి పతాకాలు కూడా లాక్కున్నారు, కానీ ఆ చీలిక వెనక నిలబడ్డానికి కాలిబంటు లేదు, బండ్ల అవతల ఉన్నారు. డ్యుప్రే అనే అశ్విక జనరల్ పడిపోయాడు. ఇంకో బ్రిగేడ్ వచ్చింది, దాన్నీ తోశాడు. చివరికి గార్డ్ నావికుల్ని ముందు పెట్టుకుని తానే నడిచాడు, గాయపడ్డాడు. అన్నీ ఒక్కసారి పడి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. ఒకటొకటిగా పడ్డాయి, ఒకటొకటిగానే అరిగిపోయాయి.

మా మేనకోడలు ఆగింది. సేనంతా వంతెన దాటేదాకా ఒక్క బటాలియన్ ని కదల్చలేదు. నేను గడియారపు ముల్లు జరుపుతున్నాను. తెల్లారింది. ఒక పాచిక తగ్గింది. మాస్టారు ఈ లోపు ఫిరంగులు దారికి రెండు పక్కలా బార్చారు. ఇంకో పాచిక తగ్గింది. అప్పుడు మొత్తం సేనతో ఒకేసారి పడింది. గది నిశ్శబ్దం. రౌతులు ఉత్తరపు గుట్ట పక్కనుంచి చీల్చారు, నావికులు ఆ చీలికలోకి దూరారు, వెనక రెండు బటాలియన్లు. మధ్యలో ఫిరంగుల ఎదుట నడిచిన కుర్రాళ్ల బ్రిగేడ్ గుండు దెబ్బలకి కరిగిపోయింది. స్విస్ వాళ్లకి ఒకటి పడింది. మాస్టారు చెయ్యి చాచి వాళ్లని తన వైపు తీసుకున్నారు, ఒక్క మాట అనకుండా.

నావికులు ఊరి దక్షిణపు సందులోంచి తూర్పు అంచు దాటారు. వాళ్ల వెనక ఇంకా కొందరు. అప్పుడు పడమటి అంచున నేను నాలుగు సార్లు బల్ల చరిచాను. లా పేన్యా ఫిరంగులు. కస్తాన్యోస్ పంపిన డివిజన్ వెనకనుంచి రుంబ్లార్ చేరింది. వంతెన దగ్గర రోగుల బండ్లు.

ఆమె ముందున్న బటాలియన్లకి రెండు దార్లున్నాయి. తూర్పుకి పోవడం, లేదా వెనక్కి తిరిగి బండ్లకి అడ్డం నిలబడటం. పోతే పాయింట్ల లెక్కలో గెలుస్తుంది. కాగితం మీద కూడిక వేసుకుని చూసింది, ఆ సంగతి ఆమెకీ తెలుసు.

"వీళ్లని ఇక్కడ వదిలి పోతే గెలిచినట్టా?"

"నియమం ప్రకారం గెలిచినట్టే."

రెండు బటాలియన్లని వెనక్కి తిప్పింది. ఓడిపోయింది. మాస్టారు లేచి ఆమెకి చెయ్యి కలిపారు.

జూలై 15

నిన్న రాత్రి ఇద్దరూ తర్వాత ఏమైందని అడిగారు. చెప్పాను. మధ్యాహ్నం డ్యుపోన్ సంధి అడిగాడు. ఆ పోరులో చనిపోయిన స్పానిష్ వాళ్లు 250 లోపే, ఫ్రెంచి వైపు చచ్చినవాళ్లూ గాయపడ్డవాళ్లూ కలిపి రెండు వేల దాకా. జూలై 22న ఒప్పందం. సేనని ఓడల మీద ఫ్రాన్స్ చేరుస్తామన్నారు, చేర్చలేదు. సామాన్య సైనికుల్ని కాదిజ్ రేవులో పాడుపడ్డ ఓడల్లో కుక్కారు. 1809 నుంచి వేలమందిని కబ్రేరా అనే రాతి దీవి మీద దించారు. తిండికి పడవ ఎప్పుడొస్తే అప్పుడే. 1814లో విడిచిపెట్టేనాటికి వేలమంది అక్కడే మట్టిలో కలిశారు. డ్యుపోన్ ముందే ఫ్రాన్స్ చేరి నెపోలియన్ చేతిలో జైలు పాలయ్యాడు. 1814లో బూర్బన్ రాజు రాగానే యుద్ధమంత్రి అయ్యాడు. జోసెఫ్ బోనపార్ట్ జూలై 20న మాద్రిద్ లో రాజుగా అడుగుపెట్టి, నెలాఖరుకల్లా మూటాముల్లే సర్దుకోవాల్సి వచ్చింది.

నియమాల కాగితం చివర కబ్రేరా గురించి ఒక పేరా చేర్చాను. ఆట ముందు చదవాలి, తర్వాత కాదు. ఈ బొమ్మల్లో ఎవరు ఎక్కడికి పోతారో తెలిసి కూర్చుంటే పాచిక పట్టుకునే చెయ్యి వేరుగా ఉంటుంది.

పాయింట్లు మార్చమని మాస్టారు అంటున్నారు, రోగుల బండికి నాలుగు ఇవ్వమని. మార్చను. విలువ నేను కట్టి చేతికిస్తే ఆమె నిన్న చేసిన పని వట్టి లెక్క అయిపోతుంది.

జూలై 18

వెడెల్ మిగిలాడు. ఆటలో అతనికి ఇంకా చోటు దొరకలేదు, కానీ అతను లేకపోతే బైలెన్ సగమే.

తొమ్మిది వేల పైచిలుకు మనుషులతో లా కరోలీనాలో ఉన్నాడు. 19 తెల్లవారాక దక్షిణాన ఫిరంగుల మోత విన్నాడు. కదిలాడు. దారిలో గ్వర్రొమాన్ దగ్గర, ఎండకి సోలిపోయిన మనుషులకి విశ్రాంతినిస్తూ గంటల తరబడి ఆగాడు. బైలెన్ చేరేసరికి మోత ఆగిపోయి ఉంది, సంధి మాటలు నడుస్తున్నాయి. అయినా దాడి చేసి కొందర్ని పట్టుకున్నాడు, డ్యుపోన్ నుంచి ఆపమని ఆజ్ఞ వచ్చింది. ఆ తర్వాత కనుమ దిక్కుగా తప్పుకున్నాడు. అతను బయటపడ్డట్టే. కానీ వెడెల్ లొంగకపోతే డ్యుపోన్ మనుషులు బతకరని స్పానిష్ వాళ్లు బెదిరించారు. వెనక్కి రమ్మని ఆజ్ఞ. వచ్చాడు. ఆయుధాలు దించిన 17 వేల పైచిలుకులో సగానికి మించి వెడెల్, డ్యుఫూర్ మనుషులే. బైలెన్ పొలాల్లో ఒక్కరోజు కూడా చిక్కుకోనివాళ్లు.

అతని ఆటగాడు పలక చూడకూడదు. మాస్టారి అబ్బాయి వచ్చే ఆదివారం ఊళ్లో ఉంటాడట, అతన్ని పక్క గదిలో కూర్చోబెడతాను. చేతిలో పటం, గడియారం, తన డివిజన్ ఎంత నడిచి ఎంత అలిసిందో చెప్పే కాగితం. ఇక్కడ ఫిరంగి పేలినప్పుడల్లా నేను ఆ గోడ మీద కొడతాను. ఎంత గట్టిగా అన్నది గాలిని బట్టి పాచిక చెబుతుంది. మోత ఆగితే ఏం అర్థం చేసుకోవాలో అతని ఇష్టం. సంధి కుదిరితే డ్యుపోన్ ఆటగాడు సొంత దస్తూరీతో చీటీ రాసి తలుపు కింద నుంచి తొయ్యాలి. చీటీ అందాక పాటించాలా, కనుమ దాటి పోవాలా అన్నదానికి నియమం రాయడం లేదు.

మా మేనకోడలు ఈసారి కూడా డ్యుపోన్ గానే ఉంటానంది. బండ్ల కాగితం ముందే పంపమంది.